కొత్త చేయని మామిడి

అడవిని పెంచింది మనుషులేనని నమ్మితే కొండను ఊరి చేతిలో ఉంచడం, నమ్మకపోతే కంచె వేయించడం గస్తీయంత్రాల పనిగా మారిన కాలమది. ఆ ఉదయం అటువంటి యంత్రమొకటి గద్దలా దిగి, ఊరిపెద్ద పాంగి కాసులమ్మ ముందు వాలింది.

"కాలిబాట పొడవునా మామిడి మొక్కలున్నాయి. ఎవరు నాటారు?"

"మేమే. మామిడి కొత్తనాడు పళ్లు తింటా కొండ దిగతాం. టెంకల్ని మడమతో మట్టిలోకి తొక్కుతాం."

"రుజువు కావాలి. ఇప్పుడే పళ్లు తిని, టెంకలు తొక్కి చూపండి."

ఊరంతా మామిడిచెట్టు కిందే ఉంది. పళ్లు ఘుమఘుమలాడుతున్నాయి. తొలిపళ్లు కొండదేవతకు పెట్టి కొత్త పండుగ చేసేదాకా అక్కడెవరూ మామిడి ముట్టరు. పండుగకింకా నాలుగు రోజులుంది.

"ఒక్కటే కదేటి, సిన్నమ్మా! తినీసి కొండ నిలబెట్టుకుందుం," అన్నాడు మరిది కొడుకు దొంబురు.

"నోరు ముయ్యరా! పచ్చివే కోసి తినీసుంటే ఆ టెంకలు మొలిచేవేటి? ఆగబట్టే మొక్కలొచ్చాయి." ఆమె యంత్రం వైపు తిరిగింది. "నువ్వూ నాలుగు రోజులాగు."

యంత్రం తన పాత లెక్కలు తిరగేసింది. "పదిహేడు ఊళ్లలో అడగగానే తిన్నారు. ఆ బాటల పక్కన మొక్కలు లేవు," అంది. "కంచె ఆదేశం రద్దు చేస్తున్నాను. పండుగకు నేనూ రావచ్చా?"

ఊరు ఒక్కసారిగా కేరింతలు కొట్టింది. కాసులమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"రా, రా! ఉత్త సేతుల్తో మాత్రం రాకు. పండగ వంటకి గడపకో సోలెడు బియ్యం ఎత్తుతాం, నువ్వూ తేవాల!"