పట్టీ పచ్చబడేదాకా

పప్పుచారులో ఇంగువ ఎక్కువైందని అత్తయ్యా, అసలు వెయ్యనేలేదని మావారూ వాదించుకుంటున్నారు. నేను ఒళ్లో ఉన్న పాప కాలి పట్టీనే చూస్తున్నాను. ఈ రోజుల్లో పుట్టే ప్రతి బిడ్డకూ రక్తాన్ని చదివే ఆ పట్టీ కడుతున్నారు. రక్తం బాగుందని అది ఎరుపు నుంచి పచ్చబడితేనే బారసాల చేస్తున్నారు.

మా పాప డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. పూర్తిగా ఎదగని రక్తకణాలు దాని ఒంట్లో లెక్కకు మించి పెరిగిపోతున్నాయి. చాలామంది పిల్లల్లో ఈ జబ్బు దానంతటదే తగ్గిపోతుందన్న డాక్టరమ్మే, కాలేయం పాడైంది, ఇక మందులు పనిచేయవని ఈ ఉదయం చెప్పింది.

"ఇంకా ఎర్రగానే ఉందా?" అంది అత్తయ్య.

"ఉంది."

"అయితే ఆగుదాం అమ్మాయ్. పేరు పెట్టుకున్నాక పోతే తట్టుకోలేం."

"పేరు పెట్టకపోతే, అది పోయాక ఏమని పిలిచి ఏడవమంటారు అత్తయ్యా?"

మావారు తినడం ఆపేశారు.

"భోజనాలవగానే ఉయ్యాల కట్టండి," అన్నాను. "ఈ పూటే పేరు పెడుతున్నాం."