చిటారు కొమ్మన కాయ

"పెద్దిరాజంటే నువ్వేనా?"

పాక ముందు చంకకర్రలు పక్కన పెట్టుకుని, కోసిన రసాల మామిడికాయలు ఏరుతున్న పెద్దిరాజు తలెత్తాడు. యాభై ఏళ్ళ బక్కమనిషి, చేతిలో సంచీ.

"బెజవాడ ఆసుపత్రి నుంచి వచ్చాను. రాడ్డు వేయించుకోనన్నావట?"

ఏ కంపెనీ ఏజెంటో అనుకున్నాడు పెద్దిరాజు.

రెండేళ్ళ క్రితం, ఎనభై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో, మామిడిచెట్టు మీంచి పడి మోకాలి కింద ఎముక విరిగింది. లోపల వేసిన రాడ్డుకి చీము పట్టి తీసేశారు. చాట్రాయి తోటల్లో కాయ కోతకి పెద్దిరాజే అన్న పేరు ఆ చీముతోనే పోయింది. ఇంకో రాడ్డు వేయకపోతే కాలే తీసేయాలంటున్నారు.

"ఈసారి వేసే రాడ్డుకి వెండిపూత ఉంటుంది. చీము పట్టించే క్రిములు దాని మీద బతకలేవు."

"బంగారం పూసినా ఒద్దండి. మాటలు నేను నమ్మను."

"మరి దేన్ని నమ్ముతావు?"

పెద్దిరాజుకి తిక్క పుట్టింది.

"అదుగో, చిటారు కొమ్మన కాయ. ముచ్చిక ఊడకుండా దింపండి. ముచ్చిక ఊడితే సొన కారి కుళ్ళిపోద్ది. దింపితే వస్తా."

"ఊరుకోవయ్యా, పెద్దాయన్ని పట్టుకుని," అంది భార్య కృష్ణవేణి.

ఆయన అప్పటికే చెప్పులు విప్పాడు.

"ప్యాంటు మడుచుకోండి, చిరుగుద్ది," అన్నాడు పెద్దిరాజు.

"పర్లేదు."

కుడికాలు కొమ్మకి తన్నిపట్టి, చీమలు కుడుతున్నా ఆగకుండా ఎక్కాడు. కాయ దించాడు. ముచ్చిక చెక్కు చెదరలేదు.

పెద్దిరాజు మాట తప్పే మనిషి కాదు. మర్నాడే బస్సెక్కాడు.

ఆపరేషన్ అయింది. ఆరు నెలలు గడిచినా చీము జాడ లేదు. మళ్ళీ కాపుకి అదే చిటారు కొమ్మ మీద నిలబడి కేకేశాడు. తోటలో వాళ్ళంతా పని ఆపి చూశారు. కృష్ణవేణి సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

ఆ కొమ్మ కాయలే బుట్టకెత్తి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

"ఇవి మీ ఏజెంటుగారికండి."

డాక్టరు నవ్వాడు. "ఏజెంటేంటి? ఆ పూత కనిపెట్టిందే ఆయన. నీలాంటి మొండివాణ్ణి ఇంకొకణ్ణి ఒప్పించడానికి ఒరిస్సా వెళ్ళారు."

పెద్దిరాజు బుట్ట కింద పెట్టేశాడు.

"అంతటాయన్ని చెట్టెక్కించానా? ఆ ముక్క చెప్పొచ్చు కదండీ."

"మాటలు నమ్మనన్నావట కదా. మొదటి రాడ్డు మనిషికి వేయడానికి మేమంతా జంకితే, బాగున్న తన కుడికాలికే వేయించుకున్నారు. నీ చెట్టెక్కింది ఆ కాలితోనే."