గేటు ముందు సున్నం గీతలు

"ముందా బకెట్టు కింద పెట్టు నాయనా!"

గేటు ముందు అప్పుడే గీసిన మూడు సున్నం గీతల మధ్య ఆవిడ కొంగు నడుముకి దోపుకుని నిలబడింది. ఆవిడ కదిలితే గానీ నాలుగో గీత పడదు. కదిలేలా లేదు.

ప్లానింగ్ ఆఫీసరు కుంచె బకెట్టులో పెట్టి చెమట తుడుచుకున్నాడు. "ఇక్కడ అద్దె సైకిళ్ళ స్టాండు వస్తుందమ్మా. ఆరు సైకిళ్ళు, నాలుగు కరెంటు స్కూటర్లు. ఎవరైనా ఫోనుతో తాళం తీసుకుని వెళ్ళొచ్చు, పనయ్యాక ఇంకో స్టాండులో వదిలెయ్యొచ్చు. ఊరికి మంచిది."

"ఊరికి మంచిదైతే ఊళ్ళో పెట్టుకో. నా గేటు ముందెందుకు?"

ఈ పథకం కోసం మునిసిపాలిటీ వారు మూడు కమిటీలు వేశారు. ఆ కమిటీలు ఏడాదిన్నర పాటు ఏసీ కార్లలో ఊరంతా తిరిగి, సైకిల్ తొక్కడంలోని కష్టసుఖాలు తెలుసుకున్నాయి. ఆఖరికి గీతలు గీసే వేళకి మిగిలింది ఒక ఆఫీసరు, ఒక కుంచె.

ఆవిడకి కమిటీ అక్కర్లేకపోయింది. సున్నం ఆరేలోపే ఈ పథకంలో ఎవరెవరు ఎలా పోతారో తేల్చేసింది.

"బ్రేకులు పడవు. ఎవడో ఒకడు వచ్చి మా గోడకి గుద్దుకుంటాడు. ఆ స్కూటర్ల బ్యాటరీలు ఎండకి పేలతాయి. పేలితే మా కిటికీ అద్దాలు పగులుతాయి. ఆ పెంకు కంట్లో పడితే?"

"ఎవరి కంట్లో అమ్మా?"

"ఎవరిదైతేనేం, కన్ను కన్ను కాదూ! హెల్మెట్లు కూడా ఇస్తారా?"

"ఉచితంగా ఇస్తామమ్మా" అన్నాడు ఆఫీసరు కాస్త గర్వంగా.

"అంటే ఊరందరి పేలూ మా గేటు ముందు ఉచితం!"

వరండాలో పేపరు వెనక నుంచి భర్త గొంతు వినిపించింది. "పోనీ పెట్టనివ్వవే. కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎప్పుడెవరు పడతారో కళ్ళారా చూడొచ్చు. నీకు బెంగ పడే శ్రమ తప్పుతుంది."

"మీరు పేపరు చదువుకోండి. ఇంట్లో పిల్ల ఉందన్న ధ్యాస మీకెలాగూ లేదు."

ఆ పిల్లకి ఇరవై మూడేళ్ళు, ఉద్యోగం చేస్తోంది. అరగంట కిందటే ఆవిడ ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని, నాలుగడుగుల్లో ఉన్న మెయిన్ రోడ్డు దాటించి, బస్సెక్కించి వచ్చింది. వానొచ్చినా, జ్వరమొచ్చినా ఈ కార్యక్రమానికి సెలవు లేదు.

"అసలిక్కడ పెట్టమని ఎవరు ఏడ్చారు?"

"మీ వీధి నుంచే అర్జీ వచ్చిందమ్మా. ఊరు మొత్తం మీద కావాలని అడిగింది ఆ ఒక్కరే. దాన్ని ఫ్రేము కట్టిద్దామన్నారు మా పెద్దసారు."

"ఆ రాసిన మనిషికి కన్నతల్లి ఉందా?"

ఆఫీసరు ఫైలు తిప్పి చూశాడు. "ఉన్నట్టే రాశారమ్మా."

"ఉండి ఏం లాభం! పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే తల్లయితే ఇలాంటి రాతలు రాయనిస్తుందా?"

ఆఫీసరు ఇంక వాదించలేదు. అభ్యంతరాల ఫారం తీసిచ్చాడు. "ఇక్కడ సంతకం పెట్టండి. స్టాండు రెండో చోటికి పోతుంది. మెయిన్ రోడ్డుకి అవతల, బస్టాపు పక్కన. ఒకసారి మారిస్తే మాత్రం మళ్ళీ ఆరు నెలల దాకా కదపడం కుదరదు."

"ఆరు నెలలేం ఖర్మ, ఆరేళ్ళు కదపకండి!"

కారణాలు రాయడానికి ఫారంలో రెండు లైన్లే ఇచ్చారు. ఆవిడ ఆ రెండూ నింపి, చుట్టూ మార్జిన్లు నింపి, కాగితం వెనక్కి తిప్పి, పేల దగ్గర ముగించి సంతకం పెట్టింది.

ఆఫీసరు బకెట్టు ఎత్తుకుంటూ ఆవిడ చేతికి ఇంకో కాగితం ఇచ్చాడు. "కొట్టేసిన అర్జీ నకలమ్మా. పేరు, ఇంటి నంబరు కనపడకుండా సిరా పూశాం. అభ్యంతరం చెప్పినవాళ్ళకి ఒకటి ఇవ్వాలని రూలు."

ఆయన రోడ్డు దాటేలోపే ఆవిడ పక్కింటికి కూడా వినపడేలా చదవడం మొదలుపెట్టింది.

"'అయ్యా, మా ఆఫీసుకి ఇంటి వెనక సందుల్లోంచి సైకిల్ మీద పది నిమిషాలే. సొంత సైకిల్ కొంటే మా అమ్మ టైర్లలో గాలి తీసేస్తుంది. ప్రభుత్వం వారిదైతే ముట్టుకోవడానికి జంకుతుంది.'" ఆగి, తల ఊపింది. "బిడ్డ ఎలాంటిదో గానీ, తల్లి మాత్రం మంచిదే."

వరండాలో పేపరు కిందికి దిగింది. "ఏదీ, ఇంకోసారి చదువు."

"ఉండండి, ఇంకా ఉంది. 'బస్సుకైతే మెయిన్ రోడ్డు దాటాలి. నాకు ఇరవై మూడేళ్ళొచ్చినా రోజూ మా అమ్మే చెయ్యి పట్టుకుని...'"

ఆ తర్వాతి మాటలు పక్కింటికి వినిపించలేదు. వరండాలో ఉన్న భర్తకి కూడా వినిపించలేదు. రోడ్డు అవతల, బస్టాపు పక్కన, ఆఫీసరు అడ్డొచ్చేవాళ్ళెవరూ లేక నాలుగు గీతలూ హాయిగా పూర్తి చేస్తున్నాడు.

ఆఖరి రెండు వాక్యాలు ఆవిడ పెదాలతోనే చదువుకుంది.

'దయచేసి స్టాండు మా వీధిలోనే, రోడ్డుకి ఇవతలే పెట్టించండి. నన్ను దాటించాక మా అమ్మ ఒక్కతే వెనక్కి దాటుతుంది, దాటేటప్పుడు బళ్ళని చూడదు, తల వెనక్కి తిప్పి నన్నే చూస్తూ దాటుతుంది.'