ప్రాక్టికల్‌గా

కామరాజు మళ్ళీ వచ్చాడు. కూర్మన్నపాలెంలో మొదటి బస్సెక్కి, తెల్లారేసరికి జాలరిపేట ఒడ్డున నిలబడ్డాడు. బూట్ల నిండా ఇసుక. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు.

అతని అక్క జోగమ్మ అప్పుడే ఒడ్డుకొచ్చిన పడవ దగ్గర ఉంది. పడవ నూకాలుది. వలలోంచి చేపలు దులపగానే మొదటి తట్ట జోగమ్మకే ఇచ్చాడు. బోణీ ముత్తయిదువే చెయ్యాలి. అదీ అక్కడి పట్టింపు.

ముసలి గంగాలమ్మ దూరంగా, బోర్లించిన తెప్ప పక్కన కూర్చుంది. ఆమెకు బొట్టు లేదు. మంచి సరుకంతా పోయాక, మిగిలిన చిన్నా చితకా చేపల కోసం లేస్తుంది. రమ్మని ఎవరూ పిలవరు. రావద్దని ఎవరూ అనక్కర్లేదు.

జోగమ్మ తట్ట దించి తమ్ముడి పక్కన కూలబడింది. నడుం పట్టేసింది.

“మళ్ళీ అదే మాటేట్రా?”

“ఇంకెన్నాళ్ళక్కా? పోయినేడు తుఫానులో ఏటకెళ్ళిన గంగరాజు బావ మరి రాలేదు. పేటలో అందరికీ తెల్సు ఇంక రాడని. నువ్వొక్కదానివే గాజులు తియ్యనంటన్నావు. కాస్త ప్రాక్టికల్‌గా ఆలోసించు.”

ఆ మాట కామరాజు స్టీల్ ప్లాంటులో చేరాక నేర్చుకున్నాడు. నాన్న పడవ అమ్మినప్పుడు వాడాడు. అమ్మను వైద్యం మాన్పించి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసినప్పుడూ వాడాడు. అతను ఆ మాట అన్నాడంటే ఇంట్లో ఎవరో ఏదో వదులుకోవాల్సిందే. చెడ్డవాడేం కాదు. ఏ సంగతైనా తేలిపోతే గానీ నిద్ర పట్టదు, అంతే.

“పెద్దకార్యం సేసీదాం. ఈ కాగితాల మీద ఏలిముద్ర ఎయ్యి. గవర్నమెంటోళ్ళు సాయం ఇత్తారు. కుసుమ సదువుకి పనికొత్తాది.”

కుసుమకుమారి జోగమ్మ కూతురు. ద్వారకా నగర్‌లో ఎంసెట్ కోచింగుకి వెళ్తోంది. ఆ పిల్లను చదివిస్తున్నది ఈ తట్టే.

“ప్రాకిటికల్ అంటే ఏట్రా?”

కామరాజు తడబడ్డాడు. ఇన్నేళ్ళుగా వాడుతున్నా ఎవరూ అర్థం అడగలేదు.

“అంటే... మనసుతో కాదక్కా, బుర్రతో ఆలోసించడం.”

“కడుపుతో ఆలోసిత్తే దాన్నేటంటారు?”

“నీకంతా ఎటకారమే. బావంటే నీకు పేనమని నాకు తెల్దా ఏటి? ఎప్పటికైనా వత్తాడని సూత్తన్నావు.”

జోగమ్మకి విసుగొచ్చింది. తమ్ముడి మీద కాదు, వచ్చినప్పుడల్లా ఇదే గొడవ మీద. మొగుడి పేరెత్తి ఒక్కసారి గుండెలు బాదుకుని ఏడవాలని ఉంది. ఆ ఏడుపు పేటంతా వింటుంది.

“తియ్యను. నన్నొగ్గీరా బాబూ.”

“పిచ్చిదానివైపోనావక్కా.”

కామరాజు కవరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. ఇంత ప్రేమ పెట్టుకున్న మనిషికి బుర్రతో ఆలోచించమని ఎలా చెప్పడం అనుకుంటూ బస్టాపు వైపు నడిచాడు.

నూకాలు కొడుకు పడవ వేటకి బయల్దేరుతోంది.

“జోగమ్మొదినా! ఓపాలి ఎదురు రాయే!” కేకేశాడు నూకాలు.

జోగమ్మ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. నుదుటి బొట్టు సరిచేసుకుంది. తట్ట నెత్తిన పెట్టుకుని, గాజులు గలగలమంటుంటే పడవకు ఎదురు నడిచింది.

తుఫాను వెలిశాక ఒడ్డొడ్డునే వెతుక్కుంటూ వెళ్ళి, రుషికొండ దాటాక రాళ్ళ మధ్య దొరికిన గంగరాజుని తన చేతులతోనే ఇసుకలో పూడ్చిపెట్టి, మళ్ళీ బొట్టు దిద్దుకుని ఇంటికొచ్చిన సంగతి జోగమ్మ ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు.