వెనక్కిచ్చిన శాంపిల్

ల్యాబ్ కిటికీలోంచి సీసా మళ్ళీ బయటికి వచ్చింది.

"ఇది పనికిరాదు," అంది లోపలున్న ఆడమనిషి.

వెల్కో సీసా వంక చూశాడు. మిరపకాయ పచ్చడి సీసా. భార్య జ్లాతినా వేడినీళ్ళతో రెండుసార్లు కడిగి మరీ ఇచ్చింది.

ఎంత కడిగినా అందులో వేరే క్రిములు ఉంటాయని, మందుల షాపులో సీలు వేసిన డబ్బా అమ్ముతారని, మూత్రం మొదటి ధార వదిలేసి తర్వాతది పట్టాలని, రెండు గంటల్లో తెచ్చివ్వాలని కిటికీ లోపలామె చెప్పింది. అరవై దాటిన మనిషి. నీలం కోటు. చెప్పినంతసేపూ మొహంలో నవ్వన్నది లేదు.

రొడోపి కొండల మీది పల్లె నుంచి ఇరవై ఏడు కిలోమీటర్లు వచ్చాడు వెల్కో. కలప కోత మిల్లులో ఒక పూట పని పోయింది. పళ్ళు కొరుక్కుంటూ వెనుదిరిగాడు.

ఇంట్లో తల్లి దోన్కా పరిస్థితి బాగాలేదు. నెల కిందటి దాకా బంగాళాదుంపలు తనే తవ్వుకున్న మనిషి. మూత్రంలో మంటంటే ఊరి డాక్టరు రెండు విడతలు మాత్రలిచ్చాడు. తగ్గలేదు. మాత్రలు అయిపోయాక మాటల్లో పొంతన పోవడం మొదలైంది. కొడుకుని చచ్చిపోయిన మొగుడనుకుని తిడుతోంది. ఎప్పుడో అమ్మేసిన మేకల్ని పేర్లు పెట్టి పిలుస్తోంది.

వయసు మీదపడి మతి పోయింది, వృద్ధాశ్రమంలో చేర్చెయ్యమన్నాడు డాక్టరు. సోమవారానికి మంచం ఖాళీ అవుతుందని ఆశ్రమం వాళ్ళు కబురు చేశారు. జ్లాతినా మాత్రం ఒప్పుకోలేదు. డాక్టరుతో పోట్లాడి, మూత్రంలోని క్రిముల్ని పెంచి చూసే కల్చర్ పరీక్షకి చీటీ రాయించింది.

గురువారం వెల్కో మళ్ళీ వెళ్ళాడు. ఈసారి కొత్త డబ్బాతోనే.

"ఎప్పుడు పట్టారు?"

"పొద్దున ఆరింటికి."

"ఇప్పుడు పదిన్నర. ఇంతసేపూ ఎక్కడ పెట్టారు?"

బండిలో, హీటరు పక్కన. దారిలో మిల్లు కలప దించి వచ్చేసరికి అంతయింది.

ఆమె డబ్బా వెనక్కి తోసింది. వెచ్చగా ఉంటే క్రిములు గంటగంటకీ పెరుగుతాయని, రేపు ల్యాబ్ పళ్ళెంలో కనపడేవి జబ్బు తెచ్చినవో బండిలో పెరిగినవో తను చెప్పలేనని అంది.

"చెప్పలేకపోతే ఏదో ఒకటి రాసియ్యి."

"నేను ఏదో ఒకటి రాస్తే, వాళ్ళు ఏదో ఒక మందు వేస్తారు. ఇప్పటిదాకా జరిగింది అదేగా."

వెల్కోకి ఒళ్ళు మండిపోయింది. వరసలో ఉన్నవాళ్ళంతా వినేలా అరిచాడు. మీ అమ్మయితే ఇలాగే తిప్పుతావా అన్నాడు. ఊరి సొమ్ము తిని జనాన్ని ఏడిపిస్తున్నావన్నాడు. ఆమె తర్వాతి మనిషిని పిలిచింది.

ఆ కోపంతోనే మేడెక్కి ఆసుపత్రి డైరెక్టరుకి ఫిర్యాదు రాసిచ్చాడు. రెండు పేజీలు. వరసలో వాళ్ళ చేత కూడా సంతకాలు పెట్టించాడు.

శనివారం పొద్దున గేటు దగ్గర ఎవరో పిలిచారు. చూస్తే ల్యాబ్ ఆమే. బస్సు దిగి కొండెక్కి వచ్చినట్టుంది, రొప్పుతోంది. భుజాన ఐసు పెట్టె.

వెల్కో గేటు తియ్యలేదు.

"ఫిర్యాదు వెనక్కి తీసుకోమని వచ్చావా? తీసుకోను."

"అది మీ ఇష్టం. నాకు మీ అమ్మగారి మూత్రం కావాలి."

అక్కర్లేదు పొమ్మన్నాడు. జ్లాతినా వచ్చి అతన్ని పక్కకి నెట్టి గేటు తీసింది.

ల్యాబ్ ఆమె చేతులు కడుక్కుని, దోన్కాని తనే శుభ్రం చేసి కూర్చోబెట్టింది. ముసలమ్మ బూతులు తిట్టింది, మొహం మీద ఉమ్మింది. ఆమె తుడుచుకుని, మేకల సంగతులు అడుగుతూ అడుగుతూ డబ్బాలో శాంపిల్ పట్టింది. దాన్ని ఐసులో పెట్టి, పది గంటల బస్సు పోతుందని బయల్దేరింది. జ్లాతినా ఆశ్రమం సంగతి చెప్పి, కాఫీ తాగమన్నా ఆగలేదు.

వెల్కో వాకిట్లో కట్టెలు కొడుతూనే ఉన్నాడు.

సోమవారం మధ్యాహ్నం వెల్కో తల్లి బట్టలు పెట్టెలో సర్దుతుంటే ల్యాబ్ ఆమె ఫోను చేసింది. క్రిమి ఏదో తేలిందని, ఇన్నాళ్ళూ మింగిన మాత్రలు దాన్ని ఏమీ చెయ్యలేవని, దానికి పనిచేసే మందు వేరే ఉందని, కాగితం డాక్టరుకి పంపానని చెప్పింది.

"పది రోజులు ఆగండి. అప్పటికీ ఆశ్రమానికి పంపాలనిపిస్తే పంపండి."

కొత్త మందు మొదలైన ఆరో రోజున దోన్కా మంచం మీద లేచి కూర్చుంది. కొడుకుని ఎగాదిగా చూసింది.

"ఆ గడ్డం ఏంట్రా వెల్కో? నేనింకా చావలేదుగా."

వెల్కో పెరట్లోకి వెళ్ళి చాలాసేపటికి గాని రాలేదు.

మర్నాడు ఫిర్యాదు వెనక్కి తీసుకుందామని ఆసుపత్రికి వెళ్ళాడు. ల్యాబ్ కిటికీ మూసి ఉంది. శాంపిళ్ళు ఇకమీదట జిల్లా ల్యాబ్‌కి తీసుకెళ్ళాలని కాగితం అంటించారు. మేడెక్కి, ఆ మనిషి ఏదని డైరెక్టరుని నిలదీశాడు.

"ఆమె ఈ ల్యాబ్‌కి పెద్ద డాక్టరుగా చేసి రిటైరై నాలుగేళ్ళయింది," అన్నాడు డైరెక్టరు విసుగ్గా. "ఆ చోటికి ఎవరూ రాకపోతే, జీతం లేకుండా వచ్చి నడిపేది. ఉద్యోగంలో లేని మనిషి మీద ఫిర్యాదు వస్తే నేనేం చెయ్యను? శుక్రవారమే రావద్దని చెప్పేశాం."

"శనివారం మా ఇంటికి వచ్చిందయ్యా. మా అమ్మకి పరీక్ష చేసింది."

"జిల్లా ల్యాబ్‌లో ఆమె శిష్యురాలు ఉంది, అక్కడికి పట్టుకెళ్ళి ఉంటుంది."

డైరెక్టరు ఆ రెండు పేజీల ఫిర్యాదు తీసి వెల్కో ముందు పెట్టాడు.

"తాళం చెవులు ఇచ్చేసి వెళ్ళేటప్పుడు ఒక్కటే అడిగింది, దీని మీదున్న మీ అడ్రసు."