ఏడు పచ్చచుక్కలు

ఎడారిలో విడిది చేసే చోట బండి ఆగింది. లుల్వా ఫ్లాస్కులోంచి కాఫీ వంపి, మామగారికిద్దామని వెనక్కి తిరిగింది.

సీటు ఖాళీగా ఉంది.

ఖాళీగా ఉన్నా, దానిలోని మర్దన యంత్రం లేని వీపుని పిసుకుతూనే ఉంది.

“మామయ్య దిగారేమో చూడండి,” అంది భర్తతో.

ఫైహాన్ దిగి చూశాడు. కనుచూపుమేర ఇసుక తప్ప ఏమీ లేదు. నలుగురు పిల్లలూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎదుటి తెరల్లో మునిగిపోయి ఉన్నారు. తాత ఎప్పుడు దిగాడో వాళ్ళకీ తెలియదు.

బండి కొని పదిహేను రోజులు కూడా కాలేదు. మా హుఫూఫ్ ఊళ్ళో దాన్ని చూసి నోరు వెళ్ళబెట్టని చుట్టం లేడు. ఏడు సీట్లకీ మెత్తటి తోలు. తలుపు దగ్గరికి తెస్తే చాలు, చప్పుడు లేకుండా అదే మూసుకుంటుంది. అద్దాలెత్తితే బయట కొంప మునుగుతున్నా లోపలికి వినపడదు.

ఫైహాన్ తండ్రి షబీబ్‌కి అదే నచ్చలేదు. నేల చప్పుడు వినపడని బండి ఏం బండిరా అన్నాడు. ఎనభై ఏళ్ళ మనిషి, ఈమధ్య మతిమరుపు. ఇన్నేళ్ళూ కొడుకు పక్కన ముందు సీట్లో కూర్చుని దారి చెప్పేవాడు. ఇప్పుడు దారి తెర చెబుతుందనీ, మర్దన చేసే సీటు ఒంటికి సుఖమనీ ఆయన్ని మధ్య వరసలోకి మార్చారు. పెద్దాయనకి అది మనసులో గుచ్చుకుంది. పైకి అనలేదు.

ఆయన బెల్టు పెట్టుకోడు. పెట్టుకోకపోతే బండి టింగుటింగుమని ప్రాణం తీస్తుంది. అందుకని ఫైహాన్ మా ఊళ్ళో అందరూ చేసే పనే చేశాడు. బెల్టుని ఖాళీ సీటుకి బిగించేసి, దానిమీద తండ్రిని కూర్చోబెట్టాడు.

తారురోడ్డు అయిపోయే చోట, ఇసుకలోకి దిగేముందు, చక్రాలు కూరుకుపోకుండా టైర్లలో గాలి తగ్గించడానికి ఆగారు. లుల్వా ఫోన్లో అక్కతో మాట్లాడుతోంది. పెద్దాయన దిగింది అక్కడే. పని ముగించుకుని ఎక్కిన ఫైహాన్, తెరమీద ఏడు సీట్లకీ బెల్టులు పెట్టి ఉన్నట్టు ఏడు పచ్చచుక్కలు చూసుకుని నిశ్చింతగా బండి కదిలించాడు.

అది నలభై నిమిషాల కిందటి మాట.

ఫైహాన్ బండి వెనక్కి తిప్పి, పోలీసులకి ఫోన్ చేశాడు. దగ్గర్లోనే మనిషి ఉన్నాడు, పంపుతున్నాం, వచ్చేదాకా మీరు రోడ్డుమీదే ఉండండి అన్నారు వాళ్ళు. తీరా వస్తే రోడ్డు చివర తండ్రి లేడు. ఎండ ఇంకా చుర్రుమంటోంది. ఉండమంటే కన్నకొడుకు ఎలా ఉంటాడు? బండిని ఇసుకలోకి దించాడు.

అంతలో గడ్డిమోపులేసుకున్న పాత పికప్పు ఒకటి వచ్చి ఆగింది. మాసిన తోబు అంగీ తొడుక్కున్న ఒకాయన అందులోంచి దిగి, పరుగున వచ్చి బండికి అడ్డంగా నిలబడ్డాడు. కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

ఒంటెలు కాసేవాడు కాబోలు అనుకున్నాడు ఫైహాన్. బండ్లకి ఒంటెలు బెదురుతాయని వీళ్ళు అస్తమానం తగాదాకి వస్తారు.

“బండి ఆపు నాయనా. ఇక్కడ తిప్పొద్దు,” అన్నాడాయన.

“మా నాన్న తప్పిపోయాడు బాబాయ్. చూశావా?”

“ఇంకా లేదు. నువ్వు ఆపితే చూస్తాను.”

ఫైహాన్‌కి ఒళ్ళు మండింది. ఈ బండికి నాలుగువైపులా కెమెరాలున్నాయి, వెనకాల ఈగ వాలినా కనిపిస్తుంది, నీ పుసికళ్ళతో నువ్వేం చూస్తావని మొహంమీదే అనేశాడు.

“ఆయనేదో చెబుతున్నారు. ఒక్క నిమిషం వినండి,” అంది లుల్వా.

“వింటూ కూర్చుంటే అక్కడ నాన్న గొంతెండి పోతాడు.”

“గాలి లేస్తోంది. మనకి గంట కూడా లేదు,” అన్నాడు పికప్పాయన.

ఫైహాన్ చల్లపెట్టెలోంచి నీళ్ళసీసా తీసి, బిచ్చం వేసినట్టు ఆయనవైపు విసిరాడు. ఆయన దాన్ని పట్టుకోలేదు. ఇంకా ఏదో చెబుతుండగానే ఫైహాన్ అద్దం ఎత్తేశాడు. పెదాలు కదలడం మాత్రం కనిపించింది.

ఇక మొదలుపెట్టాడు. కెమెరాలకి ఏ మూలా తప్పిపోకూడదని రోడ్డు చివరినుంచి చుట్టు మీద చుట్టు, ఒకదాన్నానుకుని ఇంకొకటి. మొదటి చుట్టులో పికప్పాయన చేతులూపుతూ వెంటపడ్డాడు. మూడోసారి చూస్తే తలమీద చేతులు పెట్టుకుని కూలబడి ఉన్నాడు. ఆ తర్వాత గాలి దుమారమై, తెరలన్నీ మట్టిరంగుకి తిరిగాయి. ఏమీ కనిపించలేదు. వెనక పిల్లలు తాత కోసం ఏడుస్తున్నారు.

నాలుగోరోజు షబీబ్ దొరికాడు. రోడ్డుకి కోసెడు దూరంలో, ఒక పొద కింద, చెప్పులు తలకింద పెట్టుకుని పక్కకి తిరిగి పడుకున్నాడు. ప్రాణం ఎప్పుడో పోయింది.

పరామర్శకి వచ్చినవాళ్ళతో ఇల్లు నిండిపోయింది. పోలీసు అధికారి కూడా వచ్చి, ఒక మూల కూర్చుని కాఫీ అందుకున్నాడు. ఆయన్ని చూడగానే ఫైహాన్ దుఃఖం కోపమైంది.

“మనిషిని పంపుతామన్నారు. ఒక్కడంటే ఒక్కడు రాలేదు. దిక్కులేనట్టు నేనొక్కణ్ణే తిరిగాను,” అన్నాడు అందరిలోనూ.

అధికారి కాఫీగిన్నె కింద పెట్టాడు. పక్కవాళ్ళకి వినపడనంత మెల్లగా చెప్పాడు.

“జారల్లాని పంపాం బాబూ, నలభై ఏళ్ళుగా అడుగుజాడ పట్టుకుని తప్పిపోయినవాళ్ళని ప్రాణాలతో తెస్తున్న మనిషి, గడ్డి దించే తీరిక కూడా లేక పికప్పులో అలాగే వచ్చాడు, మీ నాన్నగారి అడుగులు రోడ్డు పక్కన నాలుగు దొరికాయట, ఐదోదాన్నుంచీ అన్నీ మీ టైర్ల గుర్తులేనట.”