ఎంగిలి పాట

"ఈ పాట నాది. ఈ అమ్మాయి కొరుక్కుపోయింది," అన్నాడు ఒటిస్, రెనీటా చేతిలోని మైకు లాక్కుని.

పార్కులో గోల ఒక్కసారిగా ఆగిపోయింది. బ్రాంక్స్‌లో ర్యాప్ పాడేవాళ్ళ మధ్య దీన్ని మించిన తిట్టు లేదు. జేబులు కొట్టేవాణ్ణయినా క్షమిస్తారు గాని, ఒకరి పాట కొరికి, అంటే దొంగిలించి, ఆ ఎంగిలి అమ్ముకున్నవాళ్ళకు మళ్ళీ మైకు ఇవ్వరు. రెనీటాకు ఉన్నదల్లా ఆ ఒక్క రికార్డే. ఆ వేసవిలో ఏ కిటికీ కింద నిలబడినా అదే వినిపిస్తోంది.

పాటలో కథ ఇదీ. బ్రూక్లిన్‌లో ఒక ఇంటి యజమాని నడిచలికాలంలో అద్దె గదుల్ని వెచ్చగా ఉంచే బాయిలర్ ఆపేస్తాడు. పై అంతస్తులో పసిపిల్లలు కొంకర్లు పోతుంటే, లిన్‌వుడ్ అనేవాడు నేలమాళిగ తాళం పగలగొట్టి, బాయిలర్ తనే వెలిగించబోతాడు. అగ్గిపుల్ల గీస్తాడు. ధన్‌మని చప్పుడు. అంతే, అక్కడితో పాట సన్నగిల్లి ఆగిపోతుంది. ఇంత పొడుగు పాట రేడియోలో వెయ్యరంటూ రికార్డు కంపెనీవాడు చివరి చరణం కోసేశాడు. లిన్‌వుడ్ ఏమయ్యాడో తేలక మంగలి షాపుల్లో జనం జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారు.

తప్పు ఒప్పుకుని దిగిపొమ్మన్నాడు ఒటిస్. ఆడపిల్లవి కదా అని వదిలేస్తానన్నాడు. మెడలో పలుపుతాడంత బంగారు గొలుసు, చుట్టూ అరడజను మంది భజనపరులు. ముందు వరుసలో కొందరు అప్పుడే రెనీటాను దిగమని కేకలేస్తున్నారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"దిగను," అంది. "నీ పాటేగా అన్నా? చివరి చరణం పాడు. లిన్‌వుడ్ ఏమయ్యాడో నువ్వే చెప్పు."

ఒటిస్ వెనక్కి తిరిగి డీజేకి సైగ చేశాడు. అతన్ని అందరూ గ్లవ్ అనే పిలుస్తారు. బొద్దుగా ఉంటాడు, మాట తక్కువ. ఎండ మాడుస్తున్నా ఎడమ చేతికి తోలు గ్లవ్ తియ్యడు. అదేదో కొత్త ఫ్యాషన్ అనుకుని పేటలో సగం మంది ఒంటి గ్లవ్ తొడుక్కు తిరుగుతున్నారు. అతను రెనీటా వంక ఒకసారి చూసి రికార్డు తిప్పాడు.

ఒటిస్ నోట్లో సరస్వతి లేదనడానికి వీల్లేదు. బాయిలర్ పేలిందన్నాడు. లిన్‌వుడ్ మంటల్లో పడ్డాడన్నాడు. శవపెట్టెలో పడుకోబెడితే, వాడు కాపాడిన పిల్లలే వచ్చి దుప్పటి కప్పారన్నాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు మోగాయి.

"ఇది కట్టుకథ కాదు," అన్నాడు ఒటిస్, గొంతు బొంగురు చేసుకుని. "లిన్‌వుడ్ నా ప్రాణస్నేహితుడు. వాడి పెట్టె ఈ భుజమ్మీదే మోశాను."

ఇక అయిపోయిందనుకున్నారు జనం. పక్కనున్న పెద్దావిడ కూడా, "పరువు దక్కించుకుని దిగిపో తల్లీ," అంది. రెనీటా కదల్లేదు. ఆమె ముఖంలో ఇప్పుడు కోపం లేదు.

"బరువుగా ఉన్నాడా అన్నా?" అని అడిగింది.

"ఎవరు?"

"లిన్‌వుడ్. మోశానన్నావుగా."

"ఎందుకుండడూ? భుజం పడిపోయిందనుకో," అన్నాడు ఒటిస్.

రికార్డు ఆగింది. గ్లవ్ ఒక్కో వేలూ లాగుతూ ఎడమ చేతి తోలు తొడుగు ఊడదీశాడు. కాలి ముడుచుకుపోయిన ఆ చేతిని అందరికీ కనబడేలా పైకెత్తి, ఒటిస్ చేతిలోని మైకు దగ్గరికి వంగాడు.

"శ్రమ ఇచ్చాను, ఏమనుకోకన్నా. మా అమ్మ వంట మహిమ, నేను చిన్నప్పట్నుంచీ కాస్త బరువే."